ఆమె పాడలేకపోయి ఉంటే?



ఒక గాయని కథ మన సభల్లో తరచుగా వినిపిస్తూంటుంది. వ్యక్తిత్వ వికాస శిక్షకులు చెబుతారు, గురుపూజోత్సవ వక్తలు చెబుతారు, ప్రార్థనాకూటాల్లో సాక్ష్యంగానూ చెబుతారు. కథ ఇది. స్కాట్లండులో ఒక పల్లెటూరి స్త్రీ. వయసు నలభై ఏడు. పెళ్ళి లేదు, ఉద్యోగం లేదు, ఒంటిమీద సింగారం లేదు. పెద్ద టెలివిజన్ పోటీలో పాడటానికి వేదిక ఎక్కింది. అందరూ నవ్వారు. ఆమె పాట ఎత్తుకున్నది. నవ్విన నోళ్ళు తెరుచుకొని అలాగే ఉండిపోయాయి. తెల్లవారేసరికి లోకమంతా ఆమె పేరే. కనుక నాయనలారా, పైరూపం చూచి ఎవరినీ తక్కువ అంచనా వేయకండి. పనసపండుకు పైన ముళ్ళున్నా లోపల తొనలుంటాయి. ఇక్కడికి వక్త చేతులు జోడిస్తాడు, సభ చప్పట్లు కొడుతుంది.

ఆ గాయని సూసన్ బాయిల్. కథలోని సంఘటనలు చాలావరకు నిజమే. వాటినుంచి పిండిన నీతిమీదనే నాకు తగవు. ఆ నీతి తప్పు మాత్రమే కాదు, ఆమెను రెండోసారి అవమానించేది అని నా అభియోగం. ఎందుకో వివరంగా వ్రాస్తాను. ఓపికగా చదివి, కాదనదలచినవారు నిరభ్యంతరంగా కాదనండి.

ముందు ఆ నవ్వు సంగతి చూద్దాం. 'బ్రిటన్స్ గాట్ టాలెంట్' అనే కార్యక్రమానికి ఎంపికలు 2009 జనవరిలో గ్లాస్గో నగరంలోని క్లైడ్ ఆడిటోరియంలో జరిగాయి. అక్కడ చిత్రీకరించిన పాట ఐటీవీ ఛానెలులో ప్రసారమైనది ఏప్రిల్ 11న. సైమన్ కోవెల్, పియర్స్ మోర్గన్, అమండా హోల్డెన్ న్యాయనిర్ణేతలు. ఆమె తన వయసు చెప్పగానే హాలులో గుసగుసలు పుట్టాయి. ఎలేన్ పేజ్ వంటి రంగస్థల గాయని కావాలని తన కోరిక అన్నది. ప్రేక్షకుల్లో ఒక యువతి కళ్ళు పైకి తిప్పింది; కెమెరా ఆ కళ్ళను పట్టుకున్నది. పాట అయిపోయాక న్యాయనిర్ణేతలలో ఒకరు, ఇక్కడున్న అందరూ నీకు వ్యతిరేకంగా ఉన్నారని నిజాయితీగానే ఒప్పుకున్నారు.

ఇప్పుడు రెండు విషయాలు ఆలోచించండి. ఇటువంటి పోటీల్లో న్యాయనిర్ణేతల ఎదుటికి వచ్చేనాటికే అభ్యర్థులను నిర్మాణసిబ్బంది ఒకసారి విని వడపోసి ఉంటారు. ఆమె ఏ పాట పాడబోతున్నదో తెలియకుండా వెనుక వాద్యసంగీతం ఎలా సిద్ధమైంది? ఆ గొంతు ఎటువంటిదో తెర వెనుక ఉన్నవారికి తెలుసు. ఇక రెండోది, జనవరిలో తీసినది ఏప్రిల్‌లో చూపారు. మధ్యలో నెలల వ్యవధి. ఏ ముఖం ఎక్కడ అతకాలో, ఏ వెక్కిరింతను ఎంతసేపు నిలపాలో, పాటకు ముందు ఎన్ని క్షణాలు ఆమెను నవ్వులపాలు చేస్తే పాట తరువాత చప్పట్లు అంత గట్టిగా మోగుతాయో, అన్నీ తీరికగా కూర్చొని కుదిర్చారు. ఆ హాలులో కూర్చున్నవారి ఆశ్చర్యం నిజమైనదే కావచ్చును. మన ఇళ్ళలోకి వచ్చిన ఆశ్చర్యం మాత్రం వండి వడ్డించినది. అందులో ఉప్పు కారం ఆమె అవమానం.

ఆ భోజనం అందరికీ నచ్చింది. పది రోజులు తిరగకుండానే అంతర్జాలంలో ఆ దృశ్యాన్ని పది కోట్ల సార్లకు పైగా చూచారని లెక్కగట్టారు. చూచిన మనమంతా కన్నీళ్ళు తుడుచుకొని, ఎంత మంచివాళ్ళమో అని మనల్ని మనమే మెచ్చుకున్నాం. నవ్వినవాళ్ళు చెడ్డవాళ్ళు, మనం ఏడ్చినవాళ్ళం గదా!

ఇక్కడ నా ప్రశ్న. ఆమె పాడలేకపోయి ఉంటే?

అదే స్త్రీ, అదే చీకటిరంగు జుట్టు, అదే లేత బంగారురంగు గౌను, అదే తడబడే మాట. నోరు విప్పితే అపశ్రుతి. అప్పుడు ఆ నవ్వు న్యాయమైనదై పోయేదా? నీతికథ చెప్పేవారి తర్కం ప్రకారం పోయేది. ఎందుకంటే వారు నవ్వును తప్పుపట్టడం లేదు. నవ్వు గురి తప్పినందుకు విచారిస్తున్నారు. 'తొనలున్న పండును చూచి నవ్వామే' అని వారి పశ్చాత్తాపం. తొనలు లేని పండును చూచి నవ్వవచ్చునన్నమాట! అదే వేదికమీద ఆ సంవత్సరమే కాదు, ప్రతి సంవత్సరమూ పాడలేనివారు ఎందరో నిలబడ్డారు. వారిని చూచి నవ్విన నవ్వులకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు, ఏ వక్తా వారి కథ చెప్పడు. మనిషికి దక్కవలసిన మర్యాదను ప్రతిభ అనే రొక్కంతో కొనుక్కోవాలని ఈ కథ మన పిల్లలకు నేర్పుతున్నది. నా తగవు ఇదే.

మన సంప్రదాయంలోనూ ఇటువంటి కథ ఉన్నది. అష్టావక్రుడు జనకుని సభలో అడుగుపెడితే, ఎనిమిది వంకరల ఆ శరీరాన్ని చూచి పండితులు నవ్వారని జనశ్రుతి. అతడూ తిరిగి నవ్వి, ఇది పండితసభ అనుకున్నాను గాని తోలు చూచి వెలకట్టేవారి సభ అని తెలియలేదు అన్నాడట. తోలు పనివారిని తక్కువ చేసే ఆ ఉపమానం నాకు రుచించదు. వారి పనితనం ముందు ఆ సభాసదుల పాండిత్యం ఏపాటిది? అది అలా ఉంచినా, అష్టావక్రుడు వాదంలో వందిని గెలిచాడు గనుక కథ నిలిచింది. గెలవకపోయి ఉంటే? వంకర శరీరమూ ఉండి, వేదాంతమూ రానివాడి మర్యాద ఎవరు కాపాడాలి? నీతి అక్కడ మొదలు కావాలి. మన కథలు సరిగ్గా అక్కడికి రాకముందే ముగుస్తాయి.

ఇక 'అకస్మాత్తుగా వచ్చిన కీర్తి' అనే మాట సంగతి. నేను తెలుగు పండితుణ్ణి, మాటల పుట్టుక వెదకడం పాత అలవాటు. 'కస్మాత్' అంటే సంస్కృతంలో 'ఎందువలన' అని. 'అకస్మాత్' అంటే ఎందువలన అన్న ప్రశ్నకు తావు లేనిది, కారణం లేనిది. సూసన్ బాయిల్ కీర్తికి కారణం లేదా? ఉన్నది. మనం అడగలేదు, అంతే.

ఆమె 1961 ఏప్రిల్ 1న పుట్టింది. ఎడింబరో, గ్లాస్గో నగరాల నడుమ వెస్ట్ లోథియన్ ప్రాంతంలో బ్లాక్‌బర్న్ అనే చిన్న ఊరు. ఐర్లండు మూలాలున్న కాథలిక్కు కుటుంబం. తండ్రి పాట్రిక్ మోటారు వాహనాల కర్మాగారంలో సామాను గిడ్డంగి పని చేసేవాడు, ఇంట్లో పాడేవాడు. నలభై దాటిన తల్లి బ్రిజెట్‌కు పెద్ద సంతానంలో చివరి బిడ్డ. చిన్ననాటినుంచీ బడి కార్యక్రమాల్లో, చర్చి గానబృందంలో పాడింది. పెద్దయ్యాక ఫ్రెడ్ ఓనీల్ అనే గురువు దగ్గర గాత్రసాధన చేసింది. 1995లో ఒక టెలివిజన్ కార్యక్రమం ఎంపికకు వెళ్ళింది. అక్కడ ఆమె పాటకన్నా ఆమెను ఆటపట్టించడమే ఎక్కువ జరిగింది. 1999లో స్థానికంగా ఒక ధర్మకార్యంకోసం వేసిన సీడీలో ఒక పాట పాడింది. అది వేసినవి వెయ్యి ప్రతులు. పదేళ్ళ తరువాత లోకం దాన్ని వెదికి పట్టుకొని విని, ఆహా అన్నది. గొంతు అదే. వెయ్యి ప్రతుల్లో ఉన్నప్పుడు ఎవరికీ వినపడలేదు.

ఆమె తన జీవితంలో చేసిన ఉద్యోగం ఒక్కటే. వెస్ట్ లోథియన్ కళాశాల వంటశాలలో ఆరు నెలల శిక్షణ వంటపని. మిగిలిన ఏళ్ళు తల్లితో ఇంట్లో గడిచాయి. తండ్రి పోయాడు, తోబుట్టువులు తమ తమ సంసారాల్లోకి వెళ్ళారు, ముదుసలి తల్లిని ఈమె చూచుకున్నది. పోటీకి వెళ్ళమని ప్రోత్సహించింది ఆ తల్లే. 2007లో తొంభై ఒక్క ఏళ్ళ వయసులో ఆమె కన్నుమూసింది. కూతురు చాలాకాలం పాట మానేసింది. గ్లాస్గో వేదికమీద నిలబడ్డప్పుడు ఆమె వెనుక ముప్పై ఏళ్ళ సాధన, రెండేళ్ళ దుఃఖం ఉన్నాయి. వీటన్నిటినీ తుడిచిపెట్టి 'ఒక్క రాత్రిలో' అంటున్నాం. రైతు ఆరునెలలు కష్టపడి పండించిన ధాన్యం గింజలను చూచి 'నిన్న బస్తాలోంచి రాలాయి' అన్నట్లుంది.

ఇంతకన్నా లోతైన గాయం ఒకటుంది. అది బడికి సంబంధించినది గనుక, నా వృత్తికి సంబంధించినది గనుక, దానిమీద కొంచెం ఎక్కువ వ్రాస్తాను.

పుట్టుకలో ప్రాణవాయువు అందక ఆమె మెదడు దెబ్బతిన్నదని వైద్యులు తల్లిదండ్రులతో చెప్పారు. పెద్దగా ఏమీ ఆశించవద్దన్నారు. ఆ మాట బిడ్డతోపాటు బడికి వెళ్ళింది. తోటి పిల్లలు ఆమె పేరుకు 'తెలివితక్కువది' అనే అర్థమొచ్చే విశేషణం తగిలించి ఏడిపించారు. మందకొడి విద్యార్థిని అని ముద్రపడింది. ఆనాటి స్కాట్లండు బడుల్లో 'టాస్' అనే తోలుపట్టీతో అరచేతులమీద కొట్టడం మామూలు. ఆ దెబ్బలు తానూ తిన్నానని ఆమె చెప్పుకున్నది. ఇలా నలభై ఏళ్ళు గడిచాయి. కీర్తి వచ్చిన తరువాత, 2012లో, ఒక నిపుణుడు ఆమెను సక్రమంగా పరీక్షించాడు. ఆమెకున్నది ఆస్పర్జర్ లక్షణసముదాయమనీ, బుద్ధిసూచిక సగటుకన్నా ఎక్కువేననీ తేలింది. ఈ విషయం ఆమె 2013 డిసెంబరులో లోకానికి చెప్పింది. ఆ స్థితిని నేడు వేరే పేరుతో పిలవకుండా ఆటిజంలోనే కలిపి చెబుతున్నారు. మెదడు దెబ్బతినడం అన్నది తనకు వేసిన అన్యాయపు ముద్ర అనీ, అసలు సంగతి తెలిశాక ఊరట కలిగిందనీ ఆమె అన్నది.

యాభై ఏళ్ళ వయసులో ఊరట! ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

వ్యాకరణంలో రూఢి అని ఒకటుంది. ఒక పదం వాడుకలో స్థిరపడితే ఇక దాని వ్యుత్పత్తిని ఎవరూ అడగరు. మొద్దు, మట్టిబుర్ర, సుంఠ అనే మాటలు మన బడుల్లో ఇలాగే రూఢి అవుతాయి. ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పినవాణ్ణి. కొత్త ఉపాధ్యాయుడు తరగతిలో అడుగుపెట్టకముందే ఉపాధ్యాయుల గదిలో అతనికి ఈ జాబితా అందడం కళ్ళారా చూచాను. హాజరుపట్టీ చేతికి వస్తుంది, దానితోపాటు ఎవరు ఏమిటో నోటిమాటగా వస్తుంది. ఫలానావాడు చదువుకు కొరగాడు, వాడిమీద సమయం వృథా చేయకండి. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎందువలన అన్నారు? 'కస్మాత్' అని ఎవరూ అడగరు. ఆరో తరగతిలో పడిన మాట పదో తరగతి దాకా వాడి వెంట నడుస్తుంది, ఆఖరి బల్లమీద వాడి పక్కన కూర్చుంటుంది.

ఇక్కడ మన నీతికథల వక్త లేచి, 'చూచారా, ప్రతి బిడ్డలోనూ ఒక సూసన్ బాయిల్ దాగి ఉంటుంది' అంటాడు. లేదండీ. ఉండదు. ఆ మాట చెప్పడం కూడా క్రూరత్వమే. నా ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. గుణింతాలు కూడా పూర్తిగా పట్టుబడలేదు. బొమ్మలు వేయలేడు, పాడలేడు, పరుగెత్తలేడు. 'వీడిలో ఏదో ఉండే ఉంటుంది' అని మా వ్యాయామోపాధ్యాయుడు, డ్రాయింగు మాస్టారు, నేను తలా ఒక వైపునుంచి వెదికాం. ఏమీ దొరకలేదు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి మంచినీళ్ళ కుండ కడిగి నింపేవాడు, అది ప్రతిభ అనరు. ఆ పిల్లవాడికి బడిలో గౌరవంగా కూర్చునే హక్కు ఎక్కడినుంచి రావాలి? దాగిన ప్రతిభనుంచి కాదు. వాడు ఆ బడి పిల్లవాడు, అదే హక్కు. సూసన్ బాయిల్ కథ ఈ పిల్లవాడికి ఉపయోగపడేలా చెప్పగలిగితే చెప్పండి. లేకపోతే ఆ కథ గెలిచినవారికి గెలిచినవారు చెప్పుకొనే ముచ్చట మాత్రమే.

ఆ రోజు ఆమె పాడినది ఏ పాటో కూడా మనవారు గమనించరు. విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన 'లే మిజరాబ్ల్' నవల ఆధారంగా వచ్చిన సంగీతనాటకంలో ఫాంటీన్ అనే స్త్రీ పాడే పాట అది. మన పెద్దలకు ఈ కథ కొత్తది కాదు. 1950లో నాగయ్యగారు నటించిన 'బీదలపాట్లు' చిత్రం దీని ఆధారంగా వచ్చినదే. ఫాంటీన్ కర్మాగారంలో కూలి. పెళ్ళికాని తల్లి అన్న సంగతి బయటపడి పని పోతుంది. బిడ్డకోసం జుట్టు అమ్ముకుంటుంది, ముందరిపళ్ళు అమ్ముకుంటుంది, చివరకు తననే అమ్ముకుంటుంది. ఆమె పతనాన్ని చూచి వీధి నవ్వుతుంది. అటువంటి స్త్రీ తన చెదిరిన కలను తలచుకొనే పాటను, వీధి నవ్వుతూండగా ఇంకొక పేదస్త్రీ పాడింది. హ్యూగో వ్రాసినది ఎవరిమీద? ఆ నవ్వే వీధిమీద. ఆ పాట ఆ సభకు అద్దం పట్టింది. సభ అద్దాన్ని మెచ్చుకున్నది గాని ముఖం చూచుకోలేదు.

తరువాత ఏమైంది? కీర్తి ఆమెను ఆదరించిందా? బ్రిటిషు పత్రికలు ఆమెను పొగుడుతూనే 'వెంట్రుకల దేవదూత' అని పేరుపెట్టాయి. పొగడ్తలోనూ వెక్కిరింత దాచుకున్నారు. ఇంటిముందు విలేఖరులు మూగారు. కనుబొమలు దిద్దుకుంటే వార్త, కోటు మార్చుకుంటే వార్త. పోటీ చివరి వారంలో ఆమె సహనం కోల్పోయిందని పతాకశీర్షికలు. మే 30న జరిగిన అంతిమ పోటీని కోటీ డెబ్బై లక్షల మందికి పైగా చూచారు. 'డైవర్సిటీ' అనే నృత్యబృందం గెలిచింది, ఈమె రెండో స్థానంలో నిలిచింది. మరునాడే, మే 31న, తీవ్రమైన అలసటతో లండనులోని ప్రయరీ అనే మానసిక చికిత్సాలయంలో చేరవలసివచ్చింది. అప్పుడు గాని అక్కడి పత్రికా ఫిర్యాదుల సంఘం సంపాదకులకు మర్యాద నియమాలు గుర్తుచేయలేదు. ఏడు వారాలు. మొదటి ప్రసారానికీ చికిత్సాలయానికీ మధ్య గడిచినవి ఏడు వారాలు! ఆమెలో ఉన్న అసలు స్థితి ఏమిటో ఎవరూ పరీక్షించకుండానే, పెద్ద శబ్దాలూ గుంపులూ హఠాత్తు మార్పులూ భరించడం కష్టమైన మనిషిని, పెద్ద శబ్దాలూ గుంపులూ హఠాత్తు మార్పులూ తప్ప మరేమీ లేని చోటికి తోశారు. ఇది ప్రతిభను గుర్తించడమా?

'అయ్యా, మీరు ఒకవైపే చూస్తున్నారు. ఆ కార్యక్రమం లేకపోతే ఆమె ఎవరికి తెలిసేది? ఆమెకు డబ్బెక్కడిది?' అని అడిగేవారుంటారు. సరైన ప్రశ్న. దాటవేయను. ఆ సంవత్సరం నవంబరులో వచ్చిన ఆమె తొలి ఆల్బము బ్రిటనులో మొదటి వారంలోనే నాలుగు లక్షల ప్రతులకు పైగా, అమెరికాలో ఏడు లక్షల ప్రతుల దాకా అమ్ముడుపోయింది. ఆ ద్వారం తెరిచినది ఆ కార్యక్రమమే. ఆమె కూడా దానిపట్ల కృతజ్ఞత చూపింది, పిలిచినప్పుడల్లా వెళ్ళి పాడింది. కృతజ్ఞత ఆమె సంస్కారం. కాని ద్వారం తెరిచినవాడు గడపమీద మొట్టికాయ వేసి లోపలికి పంపితే, ఆ మొట్టికాయ కూడా ఉపకారంలో భాగమేనని మనం లెక్కవేయనక్కరలేదు. నవ్వించకుండా ఆమెను పాడించలేరా? పాడించవచ్చు. చూచేవారి సంఖ్య తగ్గుతుంది. లెక్క అక్కడ ఉన్నది.

ఇంకొకరు, భక్తులు, అంటారు: 'ఆమె విశ్వాసానికి దేవుడిచ్చిన ఫలం అది.' ఈ మాటను నేను వెటకారం చేయను. హేతువాద మిత్రులు ఆమె భక్తిని పల్లెటూరి అమాయకత్వంగా కొట్టిపారేస్తే వారితోనూ ఏకీభవించను. కాని ఆమె విశ్వాసం ఎటువంటిదో కొంచెం చూడండి. బ్లాక్‌బర్న్‌లోని లూర్దు మాత దేవాలయం ఆమె ప్రార్థనాస్థలం. అక్కడ గానబృందంలో పాడేది. సంఘంలోని ముసలివారి ఇళ్ళకు వెళ్ళి పలకరించి వచ్చేది. ఐర్లండులోని నాక్ అనే మరియమాత పుణ్యక్షేత్రానికి యాత్రలు చేసేది. ఇదంతా కీర్తి రాకముందు, వస్తుందన్న ఆశ ఏమీ లేని రోజుల్లో.

మన పల్లె రామమందిరంలో శనివారం భజన చూచినవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. అక్కడ గొంతు బాగున్నవాడూ పాడతాడు, బొంగురుగొంతువాడూ పాడతాడు. తాళం తప్పినవాడి చేతిలోంచి ఎవరూ చిడతలు లాక్కోరు. ఎవరి పాటకూ మార్కులు వేయరు. సూసన్ బాయిల్‌కు లోకంలో అటువంటి చోటు ఒకటి దొరికింది, అది ఆ చిన్న దేవాలయం. అక్కడివారు ఆమె గొంతు విని ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే వారు ఎప్పుడూ వింటూనే ఉన్నారు. ఆమె పాడినా పాడకపోయినా అక్కడ ఆమెకు ఒక కుర్చీ ఉన్నది. విశ్వాసం ఆమెకు ఇచ్చినది అదే. కీర్తి లేకుండా బ్రతకగలగడం. కీర్తినే ఫలమనుకుంటే, ఆమెతోపాటు అదే బృందంలో పాడి, ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోయినవారి ప్రార్థనలు దేవుడు వినలేదనుకోవాలి. ఏ భక్తుడు ఒప్పుకుంటాడు ఆ మాట? ప్రార్థనకు ఆల్బము అమ్మకాలతో లెక్కకట్టేవారు ఆ టెలివిజను నిర్మాతలకన్నా పెద్ద వ్యాపారులు.

2010 సెప్టెంబరు 16న గ్లాస్గోలోని బెలహూస్టన్ పార్కులో పదహారవ బెనెడిక్టు పోపు పూజ చేసినప్పుడు ఆమె పాడింది. వేల జనం. ఆ రోజు ఆమెను చూచి ఎవరూ కళ్ళు తిప్పలేదు. ఎంత డబ్బు వచ్చినా, చిన్ననాడు పెరిగిన మునిసిపాలిటీవారి ఇంటినే కొనుక్కొని అందులోనే ఉండటానికి ఇష్టపడింది. దీన్ని చూచి 'ఎంత నిరాడంబరత' అని మెచ్చుకోవడం కూడా నాకు నచ్చదు. ఆమె అలవాటైన గోడల మధ్య ఉండదలచింది. అది ఆమె ఇష్టం. ఆమె చేసే ప్రతి పనిలోంచీ మనకొక పాఠం పిండుకోవాలా? ఆమె మన పాఠ్యపుస్తకం కాదు, మనిషి.

చివరగా ఒక సంగతి. 2022 ఏప్రిల్‌లో ఆమెకు స్వల్పంగా పక్షవాతం వచ్చింది. తిరిగి మాట్లాడటానికీ పాడటానికీ ఎంతో ప్రయాసపడింది. 2023 జూన్‌లో అదే పోటీ అంతిమ ప్రదర్శనలో, 'లే మిజరాబ్ల్' రంగస్థల నటులతో కలిసి, తన తొలినాటి పాటే పాడి, ఆ తరువాతనే జబ్బు సంగతి బయటపెట్టింది. సభంతా లేచి నిలబడింది. సంతోషం. కాని ఈసారి కూడా నా ప్రశ్న మారదు. ఆ గొంతు తిరిగి రాకపోయి ఉంటే? పక్షవాతం తరువాత గొంతు తిరిగి రానివారు మన వీధుల్లోనే ఎందరున్నారు! అరుగుమీద కూర్చొని, సగం మాట పలికి, మిగతా సగం కళ్ళతో చెప్పే ఆ మనుషులను మనం ఎలా పలకరిస్తున్నాం? ఏ చప్పట్లూ లేని ఆ చోట మన మర్యాద ఎంతో తేలుతుంది.

గొప్పవారిని గౌరవించడం పెద్ద విద్య కాదు, లోకమంతా చేస్తున్నప్పుడు మనమూ చేస్తాం. పాట ఎత్తుకోకముందు, పాడగలదో లేదో తెలియనప్పుడు, వేదికమీద నిలబడ్డ ఆ నలభై ఏడేళ్ళ స్త్రీకి ఆ హాలు మూడు నిమిషాల మౌనం బాకీ పడింది. పాట బాగున్నదని ఆ బాకీ చెల్లిపోలేదు. ఇకనుంచి ఈ కథ పిల్లలకు చెప్పదలచిన ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే: పాట దగ్గరికి వెళ్ళకముందే, ఆ నవ్వు దగ్గర కథ ఆపండి. ఆపి, 'ఈమె పాడలేకపోతే మీరేం చేస్తారు?' అని అడగండి. పిల్లలు చెప్పే జవాబు కోసం ఎంతసేపైనా ఆగండి.